రెండు పౌన్లు ఎక్కువ

బాలివర్నీ, కార్క్ జిల్లా
1975 ఏప్రిల్ 14

నాన్నా ఫిన్‌బార్,

నీ ఉత్తరం అందిన దగ్గర్నుంచీ నాకు కాళ్ళూ చేతులూ ఆడటం లేదు. లెపర్డ్స్‌టౌన్‌లో స్వారీ చేయబోతున్నానని అంత సంతోషంగా రాశావు. నేను కూడా సంతోషిద్దామనే కూర్చున్నాను కానీ రాలేదు. ఉత్తరం పట్టుకుని పోస్టాఫీసుకు పోయి హానీ లూసీని అడిగాను, ఆ లెపర్డ్స్‌టౌన్ ఎలాంటి చోటే అని. "డబ్లిన్ దొరసానులు టోపీలు పెట్టుకుని పోయే చోటు. ఎండాకాలంలో చదును పందేలు, చలికాలంలో కంచెల పందేలు" అంది.

రెండూ ఒకే చోటట! నాకు గుండె జారిపోయింది.

"మరి గుర్రానికెలా తెలుస్తుందే, ఇది ఎండాకాలమో చలికాలమో?" అన్నాను. హానీ పగలబడి నవ్వింది. ఇందులో నవ్వడానికి ఏముందో నువ్వే చెప్పు. కంచె ఎదురుగా కనబడితే దూకే జాతి అది. మీ నాన్న ఎక్కిన గుర్రానికి ఎవరు చెప్పారు దూకమని?

నాకిచ్చిన మాట గుర్తుందిగా? మీ నాన్న సమాధి రాయి మీద చెయ్యి పెట్టి, చదును పందేలే, కంచె జోలికి పోను అన్నావు. ఆ మాట మీదే నిన్ను అంత దూరం, ఆ కెప్టెన్ గారి లాయానికి పంపాను. మిల్‌స్ట్రీట్ పందెంలో ఆఖరి కంచె దగ్గర మీ నాన్న ఆగిపోయాడు. ఆ రోజు ఇంటికి నడిచొచ్చింది గుర్రం ఒక్కటే. జీను పక్కకు జారి ఉంది. వాకిట్లో నిలబడి నన్నే చూసింది. నేనింక అలాంటి చూపు చూడలేను బాబూ.

కేకు పంపుతున్నాను. ఎండు ద్రాక్ష ఎక్కువే వేశాను. బాతుగుడ్లు ఓట్స్ గింజల్లో పాతిపెట్టాను, డబ్బా తలకిందులు చేయకు. మన తేనె ఒక సీసా. నీ సంగతి తేనెటీగలకు చెప్పాను. ఇంట్లో సంగతులు చెప్పకపోతే అవి అలిగి లేచిపోతాయని తెలుసుగా. చెప్పేటప్పుడు కంచెల మాట మాత్రం ఎత్తలేదు. వాటినెందుకు కంగారు పెట్టడం.

మేజోళ్ళు ఆరాకే వేసుకో.

దిగులుతోనే దీవిస్తూ,
నాయనమ్మ నోనీ


కర్రా, కిల్డేర్ జిల్లా
ఏప్రిల్ 28

నాయనమ్మా,

కంగారు పడకు. లెపర్డ్స్‌టౌన్‌లో కంచెలకు వేరే బాట ఉంది. మా బాటలో గడ్డి తప్ప ఏమీ లేదు. గుర్రానికి కాలాలు తెలియక్కర్లేదు, నాకు తెలిస్తే చాలు.

మొన్న నాకు ఏడో స్థానం వచ్చింది. కెప్టెన్ గారు "చేతులు బాగున్నాయిరా నీవి" అన్నారు. కాళ్ళ గురించి ఏమీ అనలేదు. వాటి వంక చూసి నిట్టూర్చారు, అంతే. నిరుడు కుట్టించిన ప్యాంటు చీలమండ పైకి ఎక్కింది మరి.

జనాన్ని చూడాలి నువ్వు! చివరి మలుపు తిరిగి పైకెక్కే దారిలోకి వచ్చేసరికి ఆ అరుపులకు గుర్రం చెవులు వెనక్కి వాలతాయి. నాకు మాత్రం మన చర్చిలో గంట మోగినట్టే ఉంటుంది.

కేకు అందింది. అందరం తిన్నాం. ఇంక పంపకు నాయనమ్మా, నిజంగా. ఇక్కడ తిండికి లోటు లేదు. డెంప్సీ అమ్మగారు మా బసలో వంట బాగా చేస్తుంది.

మేజోళ్ళు ఆరాయి.

ఫిన్‌బార్


బాలివర్నీ
జూన్ 3

ఫిన్‌బార్,

పంపకు అన్నావు. నెల రోజులు ఆ మాటే నమిలాను. కేకు మాడిందా? డబ్లిన్ కేకులు రుచి మరిగావా? లేక నీ తోటివాళ్ళ ముందు నాయనమ్మ కట్టిన గుడ్డమూట విప్పడానికి నామోషీగా ఉందా? అదే అయితే చెప్పు, ఈసారి అట్టపెట్టెలో పెడతాను.

ఇప్పుడు అసలు సంగతి. హానీ తమ్ముడు టిమ్ పశువుల పని మీద డబ్లిన్ పోయి, అటునుంచటే లెపర్డ్స్‌టౌన్ వెళ్ళి నిన్ను చూశాడట. తిరిగొచ్చి నిన్న మా గేటు దగ్గరే నిలబడి చెప్పాడు. "నోనీ పిన్నీ, మీ వాణ్ణి చూశాను. కొయ్యకు చొక్కా తగిలించినట్టున్నాడు. గాలి వీస్తే కోటు ఇక్కడ, వాడు కార్క్‌లో" అన్నాడు. వెధవకు ఎప్పుడూ వేళాకోళమే. కానీ వాడి కళ్ళు నవ్వలేదు, నేను చూశాను.

నాకంతా అర్థమైంది. వంట బాగా చేస్తుంది అన్నావు, వడ్డిస్తుంది అనలేదు. చేసినదంతా ఆవిడ ఏం చేస్తున్నట్టు? నా చిన్నతనంలో మెక్రూమ్‌లో ఒకావిడ ఇలాగే బస నడిపేది. పిల్లలకు గంజినీళ్ళు పోసి, బేకన్ తన పందికే పెట్టేది. పందిని పందితో మేపిన మనిషి!

అందుకని డెంప్సీ అమ్మగారికి నేనే ఒక ఉత్తరం రాశాను. మర్యాదగానే రాశాను. తల్లి లేని పిల్లవాడు, తండ్రి లేని పిల్లవాడు, పైన దేవుడు కంచాలు చూస్తూనే ఉంటాడు అని రాశాను. అంతే.

నిద్ర పట్టని,
నాయనమ్మ


కర్రా
జూన్ 20

నాయనమ్మా,

ఎంత పని చేశావు! నీ ఉత్తరం చదివి డెంప్సీ అమ్మగారు వంటింట్లో కూర్చుని ఏడ్చింది. తరవాత కళ్ళు తుడుచుకుని, నా ముందు క్యాబేజీ, బేకన్, ఇంతెత్తు బంగాళాదుంపలు పెట్టి, నడుం మీద చెయ్యేసుకుని నిలబడింది. "ఒక్క ముక్క మిగిలినా మీ నాయనమ్మకు నేను ముఖం ఎలా చూపించను? తిను!" అంది. ఆవిడ మీద ఒట్టు, మంచి మనిషి. తిన్నాను. అంతా తిన్నాను.

రేపు లెపర్డ్స్‌టౌన్‌లో పందెం ఉంది. గుర్రం మంచిది, యజమాని పెద్దమనిషి. కెప్టెన్ గారు చాలా ఆశ పెట్టుకున్నారు.

ఆవిడకు ఇంకెప్పుడూ రాయకు. బతిమాలుతున్నాను.

ఫిన్‌బార్


బాలివర్నీ
జూన్ 26

నా బంగారు తండ్రీ,

దేవుడున్నాడు! మన ఊరిని కాచే గబ్నెట్ పుణ్యవతి ఉంది! నా ఉత్తరానికి ఫలితం దక్కింది!

సోమవారం హానీ పేపరు తెరిచి లెపర్డ్స్‌టౌన్ పందేల వరస వెతికింది. నీ పేరు కనబడగానే చదివింది: "ఎఫ్. క్రీడన్, రెండు పౌన్లు ఎక్కువ." నేను మళ్ళీ చదవమన్నాను. మళ్ళీ చదివింది. "అంటే ఏమిటే?" అన్నాను. "అంటే రెండు పౌన్ల బరువు ఎక్కువున్నాడనేగా" అంది. అచ్చులో పడిందిరా! దేశమంతా చదివే పేపర్లో, మా వాడు రెండు పౌన్లు ఒళ్ళు చేశాడని!

నాకు కన్నీళ్ళు ఆగలేదు. టిమ్‌ను దారిలో ఆపి, "కొయ్యకు చొక్కా అన్నావుగా, ఇదిగో చదువుకో" అని మూతి మీద కొట్టినట్టు చూపించాను. పాల కేంద్రంలో క్యాన్లు దించుకునే వాళ్ళందరికీ చెప్పాను. చర్చిలో పెద్ద కొవ్వొత్తి వెలిగించాను, చిన్నది కాదు. పాదిరీ కానన్ గారు ఎందుకమ్మా అని అడిగితే పేపరు ముక్క చూపించాను. ఆయన చదివి ఏదో అనబోయి ఆగిపోయి, "నీ సంతోషం నీదమ్మా" అన్నారు. ఆయన పందేలు చూస్తారు కదా, ముసలిదాని ఆనందం చూసి ఆయనకూ సంతోషం పొంగినట్టుంది.

నువ్వు ఆరో స్థానంలో వచ్చావని చివర్లో ఉందట. పోనీలే. ముందెవరు పోతే మనకేం. కింద పడకుండా, ఒళ్ళు చేసి వచ్చావు.

డెంప్సీ అమ్మగారికి క్షమాపణ పంపాను, తేనె సీసాతో. నీకు రెండు కేకులు, మన కార్క్ నెత్తురు పుడింగ్ ఒక చుట్ట, ఉప్పు వెన్న. తేనెటీగలకు కూడా చెప్పాను, రెండు పౌన్లని.

ఇన్నాళ్ళకు కడుపు చల్లబడ్డ,
నాయనమ్మ


కర్రా
జూలై 9

నాయనమ్మా,

పార్సిలు అందింది. నువ్వు సంతోషించావు, చాలు.

ఇక్కడ ఎండలు బాగా కాస్తున్నాయి. గుర్రాలు తెల్లారకముందే బయటికి వెళ్తున్నాయి. ఆ యజమాని గుర్రం ఇప్పుడు వేరేవాళ్ళు ఎక్కుతున్నారు. మామూలే.

నీ మోకాలు ఎలా ఉంది?

ఫిన్‌బార్


బాలివర్నీ
సెప్టెంబర్ 4

ఫిన్‌బార్,

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు. గబగబా రాస్తున్నాను, అక్షరాలు చూసి నవ్వుకోకు.

నిన్న మధ్యాహ్నం కోళ్ళకు గింజలు వేస్తుంటే హానీ చెప్పులు లేకుండా పరిగెత్తుకొచ్చింది. "నోనీ! నీకు ఫోను! కిల్డేర్ నుంచి!" అంది. ఈ వయసులో నాకు ఫోను ఎందుకొస్తుంది? గింజల చేటతోనే పోస్టాఫీసుకు పరిగెత్తాను. ఫోను తలకిందులుగా పెట్టుకుంటే హానీ తిప్పింది.

"వాడు ఉన్నాడా, పోయాడా? ముందు అది చెప్పండి" అన్నాను.

"ఉన్నాడమ్మా, ఉన్నాడు. నేను డెంప్సీని. ముందు మీరు కూర్చోండి" అంది.

"కూర్చోడానికి ఫోను తీగ చాలదు. చెప్పండి."

చెప్పింది. నువ్వు వేడినీళ్ళ తొట్టిలో ఒళ్ళు ఉడకబెట్టుకుని లేస్తూ కళ్ళు తిరిగి పడ్డావట. కొళాయికి నుదురు తగిలి చీలిందట. కుట్లు వేశారట. నాకు రాయొద్దని ఆవిడ చేత ఒట్టు వేయించుకున్నావట. "రాయనని ఒట్టేశాను కానీ ఫోను చెయ్యనని వెయ్యలేదమ్మా" అంది. మంచి మనిషేరా ఆవిడ. నేనే పాపిష్టిదాన్ని.

"వాడు ఏం తింటాడమ్మా?" అని అడిగాను.

"పొద్దున ఉడికించిన గుడ్డు ఒకటి, పాలు లేని టీ. రాత్రికి ఆ గుడ్డు జ్ఞాపకం" అంది.

"మరి నా కేకులో?"

"మా లాయం కుర్రాళ్ళంతా మీ కేకుల మీదే బలిశారు. మీవాడు డబ్బా తెరిచి, కళ్ళు మూసుకుని వాసన చూసి, వాళ్ళకిచ్చి బయటికి పోతాడు. రెండు స్వెట్టర్ల మీద రబ్బరు కోటు వేసుకుని, ఎండలో పరిగెత్తి చెమటతో బరువు దించుకోడానికి."

అప్పుడడిగాను, మరి జూన్‌లో రెండు పౌన్లు ఎక్కువని పేపర్లో పడిందే అని. "అది సంతోషించే సంగతి కాదమ్మా. గుర్రానికి ఇంత బరువే అని ముందే నిర్ణయిస్తారు. జాకీ ఆ బరువుకు దిగలేకపోతే, ఇదిగో వీడు దిగలేకపోయాడని అందరికీ చాటుతారు. ఆ ముందు రోజు పక్కన నిలబడి తినిపించింది నేనే. మీ ఉత్తరం చదివి" అంది.

ఇద్దరం ఫోనులో ఏడ్చాం. హానీ కూడా.

నీ అవమానానికి కొవ్వొత్తి వెలిగించానే! పెద్దది! ఊరంతా తిరిగి చాటానే! కానన్ గారు ఎందుకు ఆగిపోయారో ఇప్పుడు తెలిసింది.

ఇంకా ఉంది. కెప్టెన్ గారు నీతో అన్నారట, "నువ్వు పొడుగయ్యావు, చదును పందేలకు పనికిరావు, కంచెల పందేలకు మారు, అక్కడ బరువు ఎక్కువ మొయ్యనిస్తారు, లేదా ఇంటికి పో" అని. నువ్వేమో "ఇంటికి పోను, కంచెలకు మారను, మా నాయనమ్మకు మాటిచ్చాను" అన్నావట.

ఇంటికి వచ్చెయ్యి. పాల కేంద్రంలో మనిషి కావాలంటున్నారు. కానన్ గారితో చెప్పిస్తాను. మంచం మీద దుప్పటి మార్చాను. వచ్చెయ్యి నాన్నా.

నాయనమ్మ


కర్రా
సెప్టెంబర్ 15

నాయనమ్మా,

నుదుటి కుట్లు విప్పారు. చిన్న గాయమే. డెంప్సీ అమ్మగారికి ప్రతిదీ పెద్దదే.

ఇంటికి రాను. పాల క్యాన్లు దించుతూ బతకడం చిన్నతనమని కాదు. పొద్దున్నే మంచులో గుర్రం కదులుతుంటే దాని మెడ మీద చెయ్యి వేస్తాను చూడు, అప్పుడొక్కటే నేనెందుకు పుట్టానో నాకు తెలుస్తుంది. ఆ తరవాత రోజంతా మర్చిపోతాను.

రెండు పౌన్ల సంగతి నీకు చెబుదామనే కూర్చున్నాను. నువ్వు భయపడి ఉంటే చెప్పేవాణ్ణి. సంతోషించావు, అందుకని చెప్పలేకపోయాను.

నీకిచ్చిన మాట తప్పను. కంచె జోలికి పోను. కానీ నాయనమ్మా, నేను మాటిచ్చాను గానీ నా ఎముకలు ఇవ్వలేదు. అవి పెరుగుతూనే ఉన్నాయి. ఈ సీజను ఎలాగో లాక్కొస్తాను. వచ్చే ఏడు సంగతి వచ్చే ఏడు.

కేకులు పంపకు. వాసన చూడటం కూడా కష్టంగానే ఉంది.

ఫిన్‌బార్


బాలివర్నీ
నవంబర్ 10

నాన్నా,

ఇన్నాళ్ళూ రాయలేదని కోపం తెచ్చుకోకు. కలం పట్టుకుంటే "వద్దు" అనే మాట ఒక్కటే దిగుతోంది. అది రాసి చించడం, రాసి చించడం. పొయ్యికి బాగా పనికొచ్చింది.

ఆత్మల పండుగ నాడు మీ నాన్న సమాధి దగ్గరికి పోయాను. గడ్డి పీకాను. పీకుతూ ఆ రోజు పొద్దున్న జ్ఞాపకం చేసుకున్నాను. ఎప్పుడూ సాయంత్రమే జ్ఞాపకం వచ్చేది నాకు, ఆ గుర్రమూ దాని చూపూ. పొద్దున్న ఎప్పుడూ రాలేదు. మీ నాన్న నాలుగు గుడ్లు తిన్నాడురా. నా కంచంలోని బేకన్ కూడా లాక్కుని తిన్నాడు. "అమ్మా, నువ్వు తినవు, నన్ను తిననివ్వవు" అని నవ్వాడు. నోటి నిండా తిండి, ఆ నవ్వు. అలాగే పోయాడు.

వాడు కడుపు నిండా తిని, నవ్వుతూ పోయి, తిరిగి రాలేదు. నువ్వు ఖాళీ కడుపుతో, నవ్వు లేకుండా రోజూ బసకు తిరిగి వస్తున్నావు. ఇదా నేను దేవుణ్ణి అడిగింది? నిన్ను కంచెకు దూరం పెట్టి తూకానికి బలిపెట్టాను.

మాట అక్కడే ఇచ్చావు కనక, అక్కడే ఆ రాయి మీద చెయ్యి పెట్టి వెనక్కి తీసుకున్నాను. గట్టిగానే చెప్పాను, మీ నాన్నకు వినబడేలా. పక్క సమాధి దగ్గర జపమాల తిప్పుకుంటున్న ట్వోమీ ముసలాయన ఉలిక్కిపడ్డాడు.

నీకు మాట లేదు. నీకు నచ్చిన పందెం ఆడుకో.

అలాగని నాకు భయం పోయిందనుకోకు. ఎక్కువైంది. అందుకని కానన్ గారి దగ్గరికి పోయాను, గబ్నెట్ పుణ్యవతి బొమ్మకు కొలిచి ఒంటికి కట్టుకుంటే కాపాడే రిబ్బను కావాలని. ఆయన కళ్ళద్దాల మీదుగా చూశారు.

"నోనీ, పుణ్యవతి బొమ్మను బయటికి తీసేది ఫిబ్రవరి పండుగ నాడు. నీకు తెలియదా? ఫిబ్రవరి దాకా ఆగలేవా?"

"నేను ఆగుతాను. గుర్రం ఆగదు కానన్ గారూ."

"ఏ గుర్రం?"

చెప్పాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, బీరువా తాళం తీసి, "ఈ మాట ఊళ్ళో అన్నావంటే రేపటికి నా గుమ్మం ముందు అరవైమంది రిబ్బన్లతో నిలబడతారు" అన్నారు. తలనుంచి పాదాల దాకా ఒకసారి, నడుం చుట్టూ ఒకసారి కొలిచాను. దీనితో పంపుతున్నాను. ఎడమ కాలికి, బూటు లోపల కట్టుకో. మీ నాన్న ఆ రోజు తనది దండెం మీద మర్చిపోయాడు.

భయపడకు, దీనికి బరువు లేదు. హానీ పోస్టాఫీసు త్రాసు మీద వేసి చూశాం. ముల్లు కదలలేదు.

తిను.

నాయనమ్మ


కర్రా
డిసెంబర్ 13

నాయనమ్మా,

నీ ఉత్తరం గుర్రం పక్కన నిలబడి చదివాను. దాని మెడ మీద ముఖం పెట్టి కాసేపు అలాగే ఉండిపోయాను. కుర్రాళ్ళు చూశారు. చూస్తే చూడనీ.

ఆ సాయంత్రం డెంప్సీ అమ్మగారు ఏమీ అడగలేదు. పెనం మీద పంది మాంసం వేయించి నా ముందు పెట్టి, వెనక్కి తిరిగి గిన్నెలు కడుక్కుంది. ఈ నెలలో బాగా తిన్నాను. వింత విను: కంచెల పందేలకు నాకిప్పుడు బరువు చాలడం లేదు! జీను కింద సీసం ముక్కలు పెట్టి తూకం సరిచేయాలట. మా లాయంలో తూకం చూసే పెద్దాయన నన్ను చూసి, "ఏమోయ్ క్రీడన్, రెండు పౌన్లు తక్కువా?" అని నవ్వాడు. నాకూ నవ్వొచ్చింది.

క్రిస్మస్ మర్నాడు, స్టీఫెన్ పండుగకు, లెపర్డ్స్‌టౌన్‌లో నా మొదటి కంచెల పందెం. గట్టి కంచెలు కావు నాయనమ్మా, తడికెలే. మన గొర్రెల దొడ్డికి కడతామే, అలాంటివి. తగిలితే వంగుతాయి. గుర్రం పేరు టింకర్స్ కెటిల్. చూడటానికి దాని పేరులాగే ఉంటుంది, సొట్టలు పడి, నల్లగా. మొదటిసారి దానితో తడిక దాటినప్పుడు నాకు తెలియకుండానే గట్టిగా నవ్వాను. అది చెవులు రిక్కించి వెనక్కి చూసింది.

నువ్వు రేడియో వినకు. ఫలితం నేనే చెబుతాను.

రిబ్బను భద్రంగా ఉంది.

ఫిన్‌బార్


బాలివర్నీ
డిసెంబర్ 26

ఫిన్‌బార్,

ఈ ఉత్తరం నువ్వు చదువుతావో లేదో తెలియకుండా రాస్తున్నాను. హానీ వంటింటి బల్ల మీద రాస్తున్నాను. రాయకపోతే పిచ్చెక్కేలా ఉంది.

తడికెలే అన్నావు. పొద్దున్నే పోయి మన దొడ్డి తడిక చూసొచ్చాను. పోయినేడు దాని మీంచి దూకబోయే మన మచ్చల గొర్రె కాలు విరగ్గొట్టుకుంది.

రేడియో వినకు అన్నావు. వినలేదు. హానీ పెరట్లో కోళ్ళ గూడు దగ్గర నిలబడ్డాను. హానీ కిటికీ తెరిచి లోపలినుంచి అరిచి చెప్పింది. "బయల్దేరాయి!" అంది. "మొదటిది దాటాడు! నాలుగో చోట ఉన్నాడు!" అంది. "మూడోది దాటాడు, నోనీ, మూడో చోట!" అంది. తరవాత ఏమీ అనలేదు.

"హానీ?" అన్నాను.

కిటికీలో ఆవిడ ముఖం చూశాను. టింకర్స్ కెటిల్ పడిందన్నాడట రేడియోవాడు. ఒక్క మాట. ఆ తరవాత మిగతా గుర్రాల గురించి గొంతు చించుకుని అరిచాడు. ఎవడు గెలిచాడో మూడుసార్లు చెప్పాడు. గెలిచినవాడి తల్లికి తెలుసుగా వాడు బతికున్నాడని! పడ్డవాడి సంగతి చెప్పడేం?

ఫోను చేయించాను. డెంప్సీ అమ్మగారి బసలో ఎవరూ ఎత్తడం లేదు. అంతా పందేలకే పోయి ఉంటారు. పండుగ, ఆఫీసులు మూత. హానీ ఎక్స్‌ఛేంజి అమ్మాయిని బతిమాలి మళ్ళీ మళ్ళీ కలుపుతోంది.

ఈ మధ్యలో పండుగ ఆనవాయితీగా ఇంటింటికీ రెన్ పిట్ట పాట పాడుకుంటూ కుర్రకారు వచ్చింది, ముఖాలకు మసి, నెత్తిన గడ్డి టోపీలు, డోలూ ఫ్లూటూ. ఏటా వాళ్ళకు నేనే కేకు ముక్కలు పెడతాను. ఈసారి పొరక ఎత్తాను. "పొండ్రా! మా ఇంటి మనిషి పడిపోయాడు!" అని అరిచాను. డోలు కొట్టేవాడు టోపీ తీశాడు. టిమ్! ముప్పై ఏళ్ళ గాడిద, మసి పూసుకుని. "ఎవరు, ఫిన్‌బారా?" అన్నాడు. ఇక వేళాకోళం లేదు. అందరూ డోళ్ళు చంకన పెట్టుకుని వాకిట్లో చలిలో నిలబడ్డారు. పొమ్మన్నా పోలేదు. ఇంకా నిలబడే ఉన్నారు.

తేనెటీగలకు చెప్పలేదు. చెబితే నిజమైపోతుందని భయం.

నాన్నా, మాట వెనక్కి తీసుకుంది నేను. ఆ రాయి మీద చెయ్యి పెట్టింది నేను. ఏదైనా జరిగితే నేను అది ఎక్కడ పెట్టుకోను? అయినా ఒకటి చెబుతాను, ఇది నీకు అందినా అందకపోయినా. తడిక దాటి గట్టిగా నవ్వానని రాశావు చూడు, ఆ వాక్యం హానీ చేత చదివించుకోలేదు, ఈ మసక కళ్ళతో నేనే చదువుకున్నాను. వేలు పెట్టుకుని, ఒక్కొక్క అక్షరం. ఆ నవ్వు నాకు తెలుసు. అది నీకు దక్కనివ్వలేదని ఇన్నేళ్ళు...

ఫోను మోగుతోంది. కాదు, అది చర్చి గంట.

నాయనమ్మ


తంతి
డిసెంబర్ 27

నోనీ క్రీడన్, బాలివర్నీ.
పడ్డాను. లేచాను. భుజం ఎముక విరిగింది. గుర్రం క్షేమం. విపరీతంగా ఆకలేస్తోంది. కేకు పంపు.
ఫిన్‌బార్


బాలివర్నీ
డిసెంబర్ 27

నా తండ్రీ,

ఏ భుజం? ఎడమదా, కుడిదా? కట్టు గట్టిగా కట్టారా? ఆస్పత్రిలో కిటికీ పక్క మంచం ఇచ్చి ఉంటే మార్చమను, గాలి కొడుతుంది. రిబ్బను కాలికి ఉందా, ఆ నర్సులు విప్పి పారేశారా? పారేస్తే చెప్పు, కానన్ గారి కాళ్ళు మళ్ళీ పట్టుకుంటాను.

తంతి హానీ చదివింది. చదివి, బయట నిలబడ్డ వాళ్ళకు మళ్ళీ చదివింది. పొద్దున్నే మా వాకిట్లోకి వచ్చి నిలబడ్డారు వెధవలు, ముఖాల మీద నిన్నటి మసి కూడా కడుక్కోలేదు. టిమ్ డోలు ఎంత గట్టిగా బాదాడంటే మా కోళ్ళు ఇవాళ గుడ్లు పెట్టలేదు. వాళ్ళకు కేకు పెట్టాను, కానీ నీది కాదు. నీది వేరే.

తేనెటీగల దగ్గరికి పోయి చెప్పాను, పడ్డాడు, లేచాడు, ఆకలేస్తోందట అని. చలికాలం కదా, గూటి లోపలినుంచి సన్నగా జుమ్మన్నాయి.

భుజం అతుక్కోగానే మళ్ళీ ఎక్కుతావని నాకు తెలుసు. వద్దని రాయను. మళ్ళీ ఆ కోళ్ళ గూడు దగ్గరే నిలబడతాను. కాళ్ళు ఉన్నంత కాలం నిలబడతాను, ఏం చేస్తాం.

పొద్దుటినుంచీ పొయ్యి దగ్గరే ఉన్నాను. ఇప్పుడే కేకు చల్లారింది. ఎండు ద్రాక్ష, బాదం, మన తేనె, చెయ్యి ఆపకుండా వేశాను. పార్సిలు కోసం హానీ త్రాసు మీద పెడితే పోయిన కేకుల కన్నా రెండు పౌన్లు ఎక్కువ తూగింది. హానీ నా వంక చూసింది, నేను హానీ వంక చూశాను.

ఎవరికీ పంచకు.

నీ నాయనమ్మ,
నోనీ